ముప్పై గింజల ఆరోగ్యం

ద్రాక్షపండు ఒంటికి మంచిది. ఈ మాట కాదన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా, బొబ్బిలిలో ఉన్న గోనెసంచుల ప్రమాణాల సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో మాత్రం ఉద్యోగం చేసి ఉండడు. చేసి ఉంటే ఏమయ్యేదో అప్పలనరసయ్య చూసి చెప్పగలడు. ఏ కంటితో చూసి చెప్పాలన్నది మాత్రం పైవారు నిర్ణయించాలి.

పొట్నూరు అప్పలనరసయ్య ఆ కార్యాలయంలో పోగుల పరీక్షకుడు. జూట్ మిల్లుల నుంచి వచ్చిన బేళ్ళలోంచి మచ్చుకి ఒక్కో సంచి లాగి, బల్ల మీద పరిచి, కంచు చట్రంలో బిగించిన భూతద్దం దాని మీద పెట్టి, సూదిమొనతో పోగులు లెక్కపెట్టడం అతని పని. అంగుళానికి పడుగు, అంటే నిలువు పోగులు, పంతొమ్మిది; పేక, అంటే అడ్డపోగులు, ఏడు. ఒక్క పోగు తగ్గినా సరుకు వచ్చిన దారినే పోవాలి. తగ్గితే ఏం కొంప మునుగుతుంది అనేవాళ్ళు బస్తా మోసినవాళ్ళు కారు. మోసేవాడి వీపు మీద సంచి పిగిలితే ధాన్యం ఒక్కటే నేలపాలు కాదు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా అప్పలనరసయ్య ముద్ర పడ్డ సంచి పిగిలిందన్న మాట ఎక్కడా వినపడలేదు. ఆ సంగతి తనంతట తాను చెప్పుకునే రకం కాదు గాని, ఎవరైనా చెబుతుంటే పూర్తయ్యేదాకా అక్కడే నిలబడేవాడు.

అలాంటి మనిషికి యాభై ఏడో ఏట రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. భూతద్దం కింద పోగులు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాయి. అద్దం తుడిచాడు, కళ్ళు తుడుచుకున్నాడు, చివరికి విశాఖపట్నంలో ఒక ధర్మాసుపత్రికి వెళ్ళాడు. డాక్టరు చూసి, ముందు కుడి కన్ను, ఆ తరవాత నెలకి ఎడం కన్ను ఆపరేషను చెయ్యాలన్నాడు. మాఘమాసంలో ఒక తారీఖు ఇచ్చాడు. అప్పలనరసయ్య సోమవారం నాడు పదిహేను రోజుల వైద్య సెలవుకి దరఖాస్తు పెట్టాడు. మంగళవారం నాడు ప్రాంతీయ సంచాలకులు శంబర ముక్తేశ్వరం గారు శిక్షణ ముగించుకుని ఊళ్ళోకి దిగారు. ముందు ఆయన దిగి, తరవాత ఇతను దరఖాస్తు పెట్టి ఉన్నా ఒరిగేది ఏమీ లేదు గాని, మనిషికి అలాంటివి మనసులో మెదులుతూనే ఉంటాయి.

ఆ శిక్షణ పేరు 'ఆరోగ్యవంతుడైన ఉద్యోగి, బలవంతమైన సంస్థ'. మూడు రోజులు సముద్రపు ఒడ్డున జరిగింది. వెళ్ళినవాళ్ళందరికీ ఒక సంచి, ఒక పెన్ను, ద్రాక్షపళ్ళ గుణాల మీద ఒక కరపత్రం ఇచ్చారు. మిగిలినవాళ్ళు సంచి, పెన్ను ఉంచుకుని కరపత్రం పారేశారు. ముక్తేశ్వరం గారు కరపత్రం చదివారు. ద్రాక్ష గుండెకు మేలు చేయవచ్చు, రక్తపోటు తగ్గవచ్చు, ఎముకలకు బలం రావచ్చు, నిద్ర పట్టవచ్చు, కంటిచూపుకు తోడ్పడవచ్చు అని అందులో ఉంది. ప్రమాణాల సంస్థలో పాతికేళ్ళు పనిచేసిన మనిషికి 'వచ్చు' అన్న మాట ఒళ్ళు మండిస్తుంది. ఆయన ఎర్ర పెన్నుతో ఆ అనుమానాలన్నీ కొట్టేసి, కచ్చితమైన కరపత్రాన్ని టైపుకి ఇచ్చారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ద్రాక్షాఫలము సకల రుగ్మతలను నివారించునని నిర్ధారణ అయినందున, ప్రతి ఉద్యోగి ప్రతిదినము పదకొండు గంటలకు పన్నెండు ద్రాక్షాఫలములను విధిగా భుజింపవలెను. ఉద్యోగి దేహము సంస్థ ఆస్తి. ఆస్తిని పాడుచేసుకొను హక్కు ఎవరికిని లేదు" అని మంగళవారం సాయంత్రానికే సర్క్యులరు వచ్చింది.

బుధవారం నాడు అప్పలనరసయ్యకు సంచాలకుల గదిలోంచి పిలుపు వచ్చింది. సూపరింటెండెంటు మజ్జి గౌరీశ్వరి సెలవు ఫైలు పట్టుకుని పక్కన నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, ఆఫీసులో గాలి ఎటు వీస్తుందో ఫ్యాను వెయ్యకుండా చెప్పగలదు.

"మీ దరఖాస్తు సోమవారము నాటిది" అన్నారు ముక్తేశ్వరం గారు. "పరిశీలనకు వచ్చినది నేడు. పరిశీలన నాటికి అమలులో ఉన్న నిబంధనలే వర్తించును. కంటిచూపు, సర్క్యులరు నాలుగవ పేరాలో ఉన్నది. చూచితిరా?"

"చూడ్డానికే బాబూ ఆపరేషను" అన్నాడు అప్పలనరసయ్య.

"మీ వైద్యుడు ద్రాక్ష ప్రస్తావన చేసెనా?"

"లేదండి. పొర ముదిరిపోనాది, తీసీవాలన్నారు."

"అనగా వైద్య నివేదిక అసంపూర్ణము. తొంభై దినములు ద్రాక్ష సేవించి, అప్పటికిని దోషము మిగిలియున్నచో మరల దరఖాస్తు చేసుకొనవచ్చును" అని ఫైలు మీద రాశారు. ఈ 'వచ్చు'ను మాత్రం ఆయన కొట్టెయ్యలేదు.

ఇంటికెళ్ళి ఆ మాట చెబితే అతని భార్య చిన్నమ్మలు చేటలో బియ్యం ఏరుతున్నదల్లా చేట కింద పెట్టింది.

"ఏటండీ, కంట్లో పొరొస్తే కడుపులో పళ్ళేస్తారేటి?"

"పైవాళ్ళు రాసీసారు."

"రాసీవోళ్ళకి కళ్ళు బాగున్నాయి కదా మరి" అంది ఆవిడ. ఆసుపత్రి తారీఖు గోడ మీద కేలండరులో అలాగే ఉండిపోయింది.

మొదటి వారం ఆఫీసంతా పండగలా ఉంది. పదకొండింటికి బెల్లు కొట్టేవాళ్ళు. అందరూ కుర్చీల్లో సర్దుకుని కూర్చుని పళ్ళు నోట్లో వేసుకునేవాళ్ళు. పులుపు తగిలినవాళ్ళు ఒక కన్ను మూసి, ఆరోగ్యం వస్తోందని అనుకునేవాళ్ళు. రెండో వారంలో అటెండరు బూరాడ సింహాచలం తాను తినాల్సిన పన్నెండు పళ్ళూ మనవరాలి కోసం జేబులో వేసుకుంటూ ముక్తేశ్వరం గారి కంట పడ్డాడు. ఆయన సింహాచలాన్ని ఏమీ అనలేదు. ఆయనకు పట్టుకున్న బెంగ వేరు. తిన్నట్టు రుజువేది?

ఆయన కుర్చీ వెనక గోడ మీద సంస్థ పుట్టినప్పటి నుంచీ నీలం రంగుతో ఒక మాట రాసి ఉంది: 'లెక్కకు రానిది లేనట్టే.' కడుపులోకి పోయిన ద్రాక్ష లెక్కకు రాదు. కాబట్టి తిన్నా లేనట్టే. ఆయన రెండు రోజులు అన్నం సయించక తిరిగి, మూడోనాడు నవ్వుతూ వచ్చారు. పండు లోపలికి పోతుంది, గింజ బయట ఉంటుంది. గింజను లెక్కపెడితే సరి.

వెంటనే ముగ్గురు సభ్యుల సంఘం ఒకటి వేశారు. ఆ సంఘం రెండు రోజులు గది తలుపులు వేసుకుని నాలుగు కిలోల ద్రాక్ష తిని, పండుకి సగటున రెండున్నర గింజలని తేల్చింది. పన్నెండు పళ్ళకి ముప్పై. ఇక ఎవరికి వారు ముప్పై గింజలు కడిగి, ఆరబెట్టి, కాగితంలో పొట్లం కట్టి, పేరు రాసి, పదకొండున్నరకల్లా అప్పగించాలి. తగ్గితే సంజాయిషీ. ఎక్కువైనా సంజాయిషీయే, ఎందుకంటే అదనపు గింజలు ఎక్కడివి? గింజల్లేని ద్రాక్షను 'ఆధారరహిత ఫలము'గా ప్రకటించి ఆవరణలోకి రాకుండా నిషేధించారు. గౌరీశ్వరి ఒకరోజు పొరపాటున రెండు గింజలు మింగేసింది. దాని మీద మూడు నోట్లు నడిచాయి. చివరికి 'మార్గమధ్య నష్టము' కింద ఆ రెంటినీ మాఫీ చేశారు.

ఇక లెక్కపెట్టేది ఎవరు? రాష్ట్రం మొత్తం మీద లెక్కకి పేరుపడ్డ సూది ఒక్కటే ఉంది. అప్పలనరసయ్యను పిలిచి గింజల నిర్ధారణాధికారిగా అదనపు బాధ్యతలు అప్పగించారు. అయ్యవారు సంతోషిస్తే సెలవు దొరకదా అని అతను ఒప్పుకున్నాడు. ఆ ఆశ ఉందని దాచుకోవడం ఎందుకు, ఉంది. రోజూ పద్దెనిమిది పొట్లాలు విప్పి, పళ్ళెంలో పోసి, సూదిమొనతో ఒక్కొక్క గింజనూ ఇటు నుంచి అటు జరిపేవాడు. చేత్తో ముట్టేవాడు కాదు. పోగుల దగ్గర పడ్డ అలవాటు అది, వేలు తగిలితే లెక్క చెదురుతుంది. మసగ్గా నల్లగా ఏదో కదిలేది. ముప్పై కదలికలు అయితే 'సరిచూడడమైనది' అని సంతకం పెట్టేవాడు. పొట్లాలు మూడేళ్ళు భద్రపరచాలి గనక పాత సంచుల్లో వేసి రికార్డు గదిలో పెట్టేవాళ్ళు.

గింజలు సరిపోయాయి గనక జబ్బులు పోయాయి. ఇది ముక్తేశ్వరం గారు కనిపెట్టిన రెండో సూత్రం. ఒక జూనియర్ అసిస్టెంటు నూట మూడు జ్వరంతో వణుకుతూ సెలవు అడిగితే రిజిస్టరు తెప్పించి చూశారు.

"నిన్న ముప్పై, మొన్న ముప్పై. మీ జ్వరము రికార్డుకు విరుద్ధము" అన్నారు.

"ఒళ్ళు కాలిపోతోందండి."

"అది మీ వ్యక్తిగత అభిప్రాయము."

వైద్య సెలవుల రిజిస్టరు నెలంతా ఖాళీగా పైఆఫీసుకు వెళ్ళింది. అది చూసి అక్కడివాళ్ళు ఉబ్బితబ్బిబ్బయ్యారు. బొబ్బిలిని ఆదర్శ కార్యాలయంగా ప్రకటించబోతున్నామని, వర్షాకాలంలో పరిశీలక బృందం వస్తుందని ఉత్తరం రాశారు. ముక్తేశ్వరం గారు ఆ ఉత్తరాన్ని పటం కట్టించి, నీలం అక్షరాల కింద తగిలించారు.

వైశాఖంలో తొంభై రోజులు నిండాయి. అప్పలనరసయ్య మళ్ళీ గదిలోకి వెళ్ళి, చూపు ఇంకా తగ్గిపోయిందని, సంచుల పోగులు లెక్కపెట్టడం కష్టంగా ఉందని, సెలవైనా ఇప్పించాలని, లేకపోతే తన లెక్క సరిచూడ్డానికి ఇంకో మనిషినైనా వెయ్యాలని అడిగాడు.

"వెయ్యిన్ని ఎనభై పళ్ళు" అన్నారు ముక్తేశ్వరం గారు రిజిస్టరు తిరగేసి. "పండుకు రెండున్నర చొప్పున రెండువేల ఏడువందల గింజలు. ఇన్ని తినినను చూపు రాలేదందురా? అట్లయిన రెండే కారణములు. ద్రాక్ష విఫలమైనది, అది అసంభవము. లేదా మీరు తినలేదు. తినలేదన్నచో ఈ గింజలను సరిచూచి సంతకము చేసినదెవరు?"

"నానేనండి."

"అయిన మీరు దొంగలెక్క వ్రాసిరా?"

ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. అప్పలనరసయ్య చేతులు జోడించాడు. "లేదు బాబూ, తిన్నాను. ఒక్కటీ వదల్లేదు."

"తినిరి గనుక చూపు వచ్చినది. పరీక్షింతము. నా వెనుక గోడ మీద ఏమి వ్రాసియున్నది?"

"లెక్కకు రానిది లేనట్టే అనండి. కానీ అది నాను చదవలేదు బాబూ. ముప్పై ఏళ్ళ నుంచి ఉన్నాది కదా, నోటికొచ్చీసింది."

ఆయన అప్పటికే రాసేశారు: 'ఇరువది అడుగుల దూరము నుండి తడుముకొనక చదివెను. చూపు సంతృప్తికరము. రెండవ పరీక్షకుడు అనవసరము.'

ఎండాకాలం పోయింది. జ్యేష్ఠంలో బజారులో ద్రాక్షబండ్లు మాయమయ్యాయి. ఆషాఢంలో బొబ్బిలి అంతా గాలించినా గింజలున్న ద్రాక్ష గుత్తి ఒక్కటి దొరకదు. పొట్లాలు మాత్రం పదకొండున్నరకల్లా ఠంచనుగా వస్తూనే ఉన్నాయి. అప్పలనరసయ్యకు ఇంటి నుంచి చిన్నమ్మలు కట్టిచ్చే ద్రాక్ష అయిపోతే, సింహాచలం ఎక్కడి నుంచో ఎండుద్రాక్షలు, వాటితో పాటు వేరే కాగితంలో గింజలు తెచ్చి ఇచ్చేవాడు. "పక్క జిల్లా నుంచి తెప్పిస్తన్నాం బాబూ, మీరు ఎతుక్కోకండి" అనేవాడు. ఆ రోజుల్లోనే అతని బల్ల మీది ట్యూబులైటు కాలిపోయింది. తన గదిలో ఫ్యాను చప్పుడు చేస్తే జిల్లా దద్దరిల్లేలా ఉత్తరాలు రాసే గౌరీశ్వరి, ఈ లైటు సంగతి ఎన్నిసార్లు చెప్పినా "చూద్దాం సార్" అంటూ వచ్చింది. ఆఫీసులో అందరూ అతన్ని చూస్తే లేచి నిలబడేవాళ్ళు. టీ ముందు అతనికే వచ్చేది. పెద్దతనానికి ఇచ్చే మర్యాద అనుకుని అతను కొంచెం పొంగాడు కూడా.

అదే చీకట్లో మిల్లుల నుంచి సంచులూ వచ్చాయి. పోగులు లెక్కపెట్టాడు. పంతొమ్మిది అనుకున్నచోట పంతొమ్మిది ఉన్నట్టే అనిపించింది. ముద్ర వేశాడు.

శ్రావణంలో ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ ఒక తారీఖు పంపారు. ఈసారీ పోతే కుడి కంట్లో పొర ముదిరి చూపుకే మోసం వస్తుందని కబురు. అప్పలనరసయ్య ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, కూర ఎటుందో చేత్తో తడుముతున్నాడు. చిన్నమ్మలు చూసి కంట నీరు పెట్టుకుంది. ఆ వెంటనే కోపం తెచ్చుకుంది.

"రోగం వచ్చిందంటే సెలవివ్వరు కదా. ద్రాక్ష పేరు చెప్పి అడగండి" అంది.

"ఏటని?"

"ద్రాక్షతోటలు చూసొస్తానని. గుడ్డోడు తోటలెలా సూస్తాడని అడగలేరు కదా. మీ కళ్ళు బాగున్నాయని ఆళ్ళే రాసీసినారు."

ముప్పయ్యొక్క ఏళ్ళు పోగు తప్పు చెప్పని మనిషి మర్నాడు 'ద్రాక్షతోటల అధ్యయన యాత్ర' నిమిత్తం పదిహేను రోజులు కావాలని అబద్ధపు దరఖాస్తు రాశాడు. సాయంత్రానికల్లా మంజూరైంది. ముక్తేశ్వరం గారు స్వయంగా దండ వేసి, "యావత్ సంస్థ గర్వించు దినము" అన్నారు. గౌరీశ్వరి ఒక్కతే నవ్వలేదు. "కళ్ళు జాగ్రత్త సార్, తోటల్లో దుమ్ము ఎక్కువ" అంది, ఎందుకో రెండుసార్లు.

ఆపరేషనైన మర్నాడు కట్టు విప్పారు. అప్పలనరసయ్య ముందుగా చూసింది ఎదురుగా నిలబడ్డ చిన్నమ్మలు నేతచీర. దాని పోగులు విడివిడిగా, బడిలో పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. తరవాత ఆవిడ మొహం చూశాడు.

"జుట్టు నెరిసిపోయిందే నీకు" అన్నాడు.

"మూడేళ్ళయిందిలెండి" అంది ఆవిడ. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎడం కంటికి నెల తరవాత రమ్మని డాక్టరు కాగితం రాసిచ్చాడు.

నల్లకళ్ళద్దాలతో ఆఫీసుకి వచ్చిన అప్పలనరసయ్య, పదకొండున్నరకి మొదటి పొట్లం విప్పాడు. అద్దాలు తీశాడు. సూది పట్టుకున్నాడు. ద్రాక్షగింజ కోలగా, ఒక కొస సన్నగా, గోధుమరంగులో ఉంటుంది. పళ్ళెంలో ఉన్నవి గుండ్రంగా, నల్లగా, ముడతలు పడి ఉన్నాయి. బొప్పాయి గింజలు. రెండో పొట్లం విప్పాడు. మూడోది విప్పాడు. పద్దెనిమిదీ బొప్పాయే. రికార్డు గదికి వెళ్ళి పాత సంచులు దింపాడు. చైత్రం నాటికి సగం బొప్పాయి, జ్యేష్ఠం నుంచి మొత్తం బొప్పాయి. అన్నిటి మీదా 'సరిచూడడమైనది' అన్న తన సంతకమే ఉంది. అతను అక్కడే నేల మీద కూలబడ్డాడు.

సింహాచలం గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకున్నాడు. "బస్టాండు కాడ పళ్ళముక్కలబండి ఉన్నాది కదా బాబూ. ఆడు పారేసినవే ఎండేసి తెస్తన్నాను. ఆషాడంలో ద్రాక్ష ఎక్కడిది, మీరే సెప్పండి."

వెనకనే గౌరీశ్వరి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. "కోప్పడకండి సార్. పద్దెనిమిదిమందికి రోజూ సంజాయిషీలు రాసుకోవడం కంటే ఇదే నయం కదా అనుకున్నాం. మీకు తెలిసి చేసిన తప్పు కాదు, మాకు తెలియక జరిగింది కాదు. మీ కంట్లో శుక్లం మీదే సార్ ఈ ఆఫీసు ఆరోగ్యమంతా నిలబడింది. వచ్చే వారం పైఆఫీసు బృందం వస్తోంది. అది దాటించండి. ఎడం కంటికి కూడా యాత్ర ఫైలు నేనే పెడతాను, ఒక్కరోజులో సంతకం చేయిస్తాను."

అప్పలనరసయ్య చేతిలోని పొట్లం మడిచి సంచిలో వేశాడు. ఎడం కన్ను కావాలి, ఎవరికి అక్కర్లేదు? నోరు మూసుకుంటే నెలరోజుల్లో రెండు కళ్ళూ వస్తాయి. కానీ అతను గింజల గురించి ఆలోచించడం లేదు. బొప్పాయి గింజ ద్రాక్ష గింజలా కనపడిన కళ్ళకి, పదహారు పోగులు పంతొమ్మిదిలా కనపడి ఉండవా? ఆ సంచులు ఇప్పుడు ఏ గోదాములో, ఎవరి వీపు మీద ఉన్నాయో?

"గింజలు పోతే పోనాయమ్మా. సంచులున్నాయి కదా" అన్నాడు లేస్తూ.

ఆ సాయంత్రం అతను నాలుగు పేజీల నివేదిక రాశాడు. తన యాత్ర అబద్ధమని, ఆపరేషను నిజమని, గింజలు బొప్పాయివని రాశాడు. మాఘం నుంచి తాను ముద్ర వేసిన సంచులన్నీ వెనక్కి తెప్పించి మళ్ళీ లెక్కించాలని వేడుకున్నాడు. ఎడం కంటి ఆపరేషనుకి సెలవు కావాలని చివర రాశాడు. తోటి ఉద్యోగుల పేర్లు ఎక్కడా రాయలేదు.

ముక్తేశ్వరం గారు ఆ నివేదిక మూడు రోజులు చదివారు. నాలుగోరోజు ఆయన మొహం మళ్ళీ తేటపడింది. అందరినీ పిలిపించి, గౌరీశ్వరికి చెప్పి ఉత్తర్వు రాయించారు.

"నూట డెబ్బది దినములుగా ఈ గింజలు ద్రాక్షవని సదరు ఉద్యోగి రెండు కన్నులును ఏకగ్రీవముగా సాక్ష్యమిచ్చినవి. శస్త్రచికిత్స పిమ్మట కుడికన్ను మాత్రము మాట మార్చినది. దీనినిబట్టి శస్త్రచికిత్స వలన చూపు చెడునని రుజువగుచున్నది. రాసుకొంటిరా?"

"రాశానండి" అంది గౌరీశ్వరి తల వంచుకునే.

"ఎడమకన్ను యాభై ఏడు సంవత్సరముల అవిచ్ఛిన్న సేవ కలది. కుడికంటిలోని కటకము ఇరువది దినముల క్రిందట బయటినుండి వచ్చి చేరినది. ఇరువురి మధ్య భేదము వచ్చినపుడు సీనియారిటీయే ప్రమాణము. కొత్త కంటిని రెండేండ్ల ప్రొబేషనుపై ఉంచడమైనది. అంతవరకు గింజల పరీక్ష ఎడమకన్నుతోనే జరుగవలెను. కుడికంటికి సంస్థయే కప్పు సమకూర్చును."

"మరి ఎడం కంటికి ఆపరేషను బాబూ?" అన్నాడు అప్పలనరసయ్య.

"ఒక్క సాక్షి మిగిలియున్నాడు. అతనిని కూడ చెడగొట్టుదురా? ప్రజాప్రయోజనము దృష్ట్యా నిరాకరించడమైనది. అసత్యపు యాత్రపై విచారణ ముగియువరకు మీ సెలవులన్నియు నిలుపుదల."

"సంచులండి?"

"సంచుల విషయము ఈ ఫైలుకు సంబంధించినది కాదు" అన్నారు ముక్తేశ్వరం గారు, అంతటితో ఉత్తర్వు ముగిసింది.

బృందం వచ్చే రోజున సింహాచలం కంటికప్పు తెచ్చాడు. సంస్థ గౌరవానికి తగ్గట్టు గోనెగుడ్డతోనే కుట్టించారు. రెండు పక్కలా దారాలు, మధ్యలో అరచేతిలో సగం ఉండే ముక్క. రికార్డు గదిలో మిగిలిన మచ్చు సంచి కత్తిరించారట, అంచు మీద ముద్ర తాలూకు నీలం గీత సగం కనపడుతోంది. అప్పలనరసయ్య దాన్ని బల్ల మీద పరిచాడు. భూతద్దం పెట్టాడు. ఎవరూ వద్దనకముందే, ప్రొబేషనులో ఉన్న కంటితో వంగి చూశాడు. సూది మెల్లగా కదిలింది. పడుగు పదహారు. పేక అయిదు. ఇంకోసారి లెక్కపెట్టాడు. పదహారు, అయిదు. నీలం గీత పక్కన తన పొట్టి సంతకం, ఆషాఢం నాటి తారీఖు ఉన్నాయి. మోసేవాడి వీపు ఒకటి అతని కళ్ళ ముందు కదిలింది, అతనెవరో తెలియదు.

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. పైఆఫీసు వాళ్ళను వెంటబెట్టుకుని ముక్తేశ్వరం గారు వస్తున్నారు. గౌరీశ్వరి గబగబా వచ్చి కప్పు తీసి అతని కుడికంటికి కట్టింది. పోగులు చాలని గుడ్డ గనక ఆ కప్పులోంచి వెలుతురు సన్నగా లోపలికి వస్తూనే ఉంది.

పళ్ళెంలో పొట్లం పోశారు. మసగ్గా, నల్లగా కదిలాయి. ముప్పై కదలికలు. రిజిస్టరు ముందుకు జరిపారు. 'పరీక్షించినవారు' అన్న గడిలో అప్పలనరసయ్య సంతకం పెట్టలేదు. 'ఎడమకన్ను' అని గుండ్రంగా రాశాడు. ముక్తేశ్వరం గారు వంగి చూసి, ఉత్తర్వు ప్రకారమే ఉందని పక్కవారికి చూపించి, తలాడించారు.

బృందంలో పెద్దాయన ఆప్యాయంగా అడిగాడు. "అన్నీ సరిపోయాయాండీ?"

"ఈ కంటికి సరిపోనాయి బాబూ" అన్నాడు అప్పలనరసయ్య.